లక్నవరం, రామప్ప, పాకాల: చెరువు కట్టల మీద నడవాలనుకునేవారికి

వరంగల్ నుంచి పొద్దున బయలుదేరి రాత్రికి ఇల్లు చేరగలిగినంత దూరంలో, గుట్టల నడుమ మూడు పెద్ద చెరువులు ఉన్నాయి. ములుగు జిల్లాలో లక్నవరం, రామప్ప. నర్సంపేట దాటాక ఖానాపురం మండలంలో పాకాల. మూడూ కాకతీయుల కాలంలో, గుట్టకూ గుట్టకూ మధ్యనున్న సందుకు కట్ట వేసి వాన నీటిని నిలిపిన చెరువులే. లక్నవరం వెళ్లినవారిలో చాలామంది వేలాడే వంతెన మీద ఫొటోలు దిగి, పడవ ఎక్కి, తిని తిరిగి వచ్చేస్తారు. అందులో తప్పేమీ లేదు గాని, చెరువును చూడవలసింది కట్ట మీద నడిచి. తూము ఎక్కడుంది, మత్తడి, అంటే చెరువు నిండాక మిగులు నీరు పొర్లే చోటు, ఎటు పారుతుంది, ఆ నీటితో ఎవరి పొలాలు పండుతున్నాయి అన్నది తెలిసేది అక్కడే. కాబట్టి నడక కోసం వెళ్లేవారిని దృష్టిలో పెట్టుకునే ఈ సూచనలు రాస్తున్నాను.

మొదట కాలం సంగతి. దసరా వెళ్లాక మొదలుకొని ఫిబ్రవరి చివరి వరకు నడకకు అనువైన రోజులు. బతుకమ్మ నాటికి చెరువులు నిండుగా ఉంటాయి, గుట్టల అంచుల్లో తంగేడు, గునుగు పూసి ఉంటాయి, అయితే అప్పటికి వానలు పూర్తిగా తగ్గి ఉండకపోవచ్చు. కార్తీకమాసం ఆదివారాల్లో వనభోజనాలకు వచ్చే జనంతో కట్టల మీద సందడి ఎక్కువ కనుక, వీలైతే పనిదినాల్లో వెళ్లడం మేలు. ఫిబ్రవరి దాటితే అడవిలో మోదుగ ఎర్రగా పూస్తుంది, చూడదగ్గదే, కానీ ఎండ పది గంటలకే మొదలవుతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఈ వైపు పగటి నడక పెట్టుకోకూడదు.

మత్తడి దుంకుతుంటే చూడాలన్న కోరికతో వానాకాలంలోనే బయలుదేరేవారు చాలామంది ఉంటారు. ఆ అందాన్ని కాదనలేను. అయితే 2023 జూలై చివరి వారంలో రామప్ప ఉన్న వెంకటాపూర్ మండలంలోని లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన కురిసిందని గుర్తుపెట్టుకోవాలి. వాగులు పొంగినప్పుడు ఇక్కడి దారులు గంటల్లో మూసుకుపోతాయి. 2024 ఆగస్టు చివరి రోజున తాడ్వాయి, మేడారం మధ్య అడవిలో పెనుగాలికి వేలాది చెట్లు కూలాయి. వాతావరణ శాఖ హెచ్చరిక ఉన్న రోజున ప్రయాణం మానుకోండి. దారిలో ఉండగా గాలివాన మొదలైతే చెట్టు కింద నిలబడకుండా దగ్గరలోని ఊరు చేరుకోండి. మేడారం జాతర జరిగే సంవత్సరాల్లో మాఘ పౌర్ణమికి అటూ ఇటూ ములుగు దారిలో వాహనాలు కదలడమే కష్టం, ఆ రోజుల్లో పాకాల వైపు వెళ్లడం తెలివైన పని.

దారి తేలికే. హనుమకొండ బస్టాండు నుంచి ములుగు, ఏటూరునాగారం వైపు బస్సులు తరచుగా ఉంటాయి. 163వ నంబరు జాతీయ రహదారి మీద ములుగు దాటాక జంగాలపల్లి క్రాస్ రోడ్డు దగ్గర ఎడమకు మళ్లితే పాలంపేట, అంటే రామప్ప. మరికొంత ముందుకు పోయి చల్వాయి వద్ద కుడికి తిరిగితే బుస్సాపూర్ మీదుగా లక్నవరం. లక్నవరం వరంగల్‌కు సుమారు 75 కిలోమీటర్లు, పాకాల సుమారు 50. బస్సు దిగాక ఆటోలో వెళ్లేవారు తిరుగు ప్రయాణం మాట ముందే ఆటో డ్రైవరుతో ఖాయం చేసుకోవాలి, చీకటి పడ్డాక ఈ లోపలి దారుల్లో ఆటో దొరకడం అదృష్టం మీద ఆధారపడిన విషయం. రాత్రి ఉండాలనుకుంటే లక్నవరంలో పర్యాటక శాఖ వారి హరిత వసతి ఉంది, శని, ఆదివారాలకు ముందుగా గది బుక్ చేసుకోవాలి.

కట్ట మీద నడకకు పొద్దు పొడిచే వేళ మంచిది. నీటి వైపు అంచున మట్టి కొట్టుకుపోకుండా పేర్చిన రాళ్లు కనిపిస్తాయి. వాటి మీదుగా దిగకండి, నాచు పట్టిన రాయి పొడిగా కనిపించినా కాలు జారుతుంది. నడుస్తూ తూము దగ్గర కాసేపు ఆగండి. చెరువు నీరు కాలువలోకి వెళ్లేది దాని గుండానే, షట్టరు ఎత్తి ఉన్నప్పుడు పైకి ప్రశాంతంగా కనిపించే నీరు అడుగున బలంగా లాగుతుంది, కాబట్టి ఆ పరిసరాల్లో ఈతకు దిగడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. మత్తడి మీద నీరు పాదం మునిగేంతే ఉన్నా అవతలికి దాటకూడదు.

కొత్తవారు పొరపడేది శిఖం విషయంలో. నీరు వెనక్కి తగ్గిన కొద్దీ బయటపడే చెరువు నేల పైన పెచ్చుకట్టి, బీటలు వారి, గట్టిగా కనిపిస్తుంది. ఆ పెచ్చు కింద మోకాలి లోతు బురద ఉండవచ్చు. చేతిలో కర్ర ఉంచుకొని ముందు దానితో పొడిచి చూడాలి: కర్ర మొన తడిగా, నల్లని మట్టితో బయటికి వస్తే అక్కడి నుంచి వెనుదిరగాలి. పశువులు తొక్కిన బాట ఉంటే దానిని విడిచిపెట్టవద్దు. శిఖంలో చేలు వేసుకున్న చోట మాత్రం గట్టు మీదుగానే నడవడం మర్యాద. వలలు ఆరబెట్టి ఉంటే వాటిని దాటుకుంటూ కాక చుట్టూ తిరిగి వెళ్లండి, చేపలు పట్టేవారికి ఆ వల ఒక సీజను కష్టం.

మూడింటిలో నడకకు నా ఓటు పాకాలకే. కాకతీయ రాజు గణపతిదేవుని కాలంలో జగదాళు ముమ్మడి కట్టించిన ఈ చెరువు కట్ట కిలోమీటరుకు పైగా పొడవు ఉంటుంది, వెనుక గుట్టల వరుస, చుట్టూ టేకు, మద్ది, తునికి చెట్ల అడవి. మున్నేరు పుట్టేది ఈ చెరువు దగ్గరే. ఇక్కడి నీరు ఖమ్మం మీదుగా కృష్ణలో కలుస్తుంటే, రామప్ప, లక్నవరం వైపు నీరు గోదావరికి పోతుంది. పాకాల చెరువు ఉన్నది అభయారణ్యంలో. చెరువులో మొసళ్లు ఉంటాయి, అందువల్ల నీటి అంచున కూర్చోవడం, పిల్లలను కాళ్లు తడుపుకోనివ్వడం వద్దు. కట్ట, రోడ్డు దాటి అడవిలోకి పోవాలంటే అటవీ శాఖ అనుమతి తప్పనిసరి. చుట్టూ ఎండుటాకు పరుచుకొని ఉండే అడవిలో నిప్పు రాజేయడం, సిగరెట్ పీక పారేయడం చేయకూడదు.

రామప్పలో మాత్రం గుడితో మొదలుపెట్టడం బాగుంటుంది. 1213లో కాకతీయ సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన ఈ గుడికి 2021 జూలైలో యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా దక్కింది. అక్కడి నుంచి చెరువు కాలినడక దూరమే. గుడి, చెరువు, ఊరు ఒకదానికొకటి ఆధారంగా ఎలా పెట్టుకున్నారో ఆ నడకలో మీకే అర్థమవుతుంది, గైడు చెప్పనక్కర్లేదు. లక్నవరంలో దీవులను కలిపే వంతెన మీద జనం ఒకేసారి గుమికూడకుండా సిబ్బంది చెప్పిన మాట వినండి, పడవ ఎక్కేటప్పుడు లైఫ్ జాకెట్ బిగించి కట్టుకోండి, వదులుగా వేసుకున్నది పనికిరాదు.

సామాను తక్కువగా ఉండాలి. మనిషికి కనీసం రెండు లీటర్ల నీళ్లు, పట్టు ఉన్న అరికాలి బూట్లు, పొడుగు చేతుల చొక్కా, టోపీ, చిన్న ప్రథమ చికిత్స సంచి చాలు. చెప్పులతో కట్ట మీద నడవవచ్చు గాని గడ్డిలోకి దిగకూడదు, పాముల భయం ఉంది. కొత్త బూట్లయితే ముందు వారం వరంగల్‌లోని భద్రకాళి చెరువు కట్ట మీద రోజూ నడిచి అలవాటు చేసుకుంటే మడమలు పుండవవు. లోపలి దారుల్లో ఫోన్ సిగ్నల్ అన్నిచోట్లా ఉండదు, వెళ్లే చోటు, తిరిగొచ్చే వేళ ఇంట్లో చెప్పి బయలుదేరండి. తిండి కట్టుకొని పోతే విస్తరాకులో గాని స్టీలు డబ్బాలో గాని పెట్టుకోండి, ఖాళీ సీసాలు, కవర్లు తిరిగి సంచిలోనే వేసుకొని ములుగులోనో నర్సంపేటలోనో చెత్తబుట్ట చూసి పడేయండి. కోతులు ఉన్న చోట సంచి జిప్పు తీసి తినడం మొదలుపెట్టకండి. పిల్లలు, పెద్దవయసువారు వెంట ఉంటే ఒక రోజుకు ఒక్క చెరువే పెట్టుకోండి. నడవగలిగినవారు రామప్ప పొద్దున, లక్నవరం మధ్యాహ్నం మూడు తర్వాత పెట్టుకొని, పొద్దు గుంకకముందే రహదారి ఎక్కవచ్చు.