టీకాల రోజు ఎక్కడ పెట్టాలి? మ్యాప్ ముందు కూర్చుని తేల్చుకునే పద్ధతి

పాడేరు ఏజెన్సీలో హెల్త్ సూపర్‌వైజర్‌గా తిరుగుతూ నేర్చుకున్న పద్ధతి ఇది. నిబంధన ప్రకారం మైదానంలో 5,000 మందికి, గిరిజన, కొండ ప్రాంతాల్లో 3,000 మందికి ఒక సబ్ సెంటర్ (ఆరోగ్య ఉపకేంద్రం) ఉండాలి. ఆ లెక్కలో గెడ్డ, అంటే కొండవాగు, కనిపించదు. సగం జనం గెడ్డ అవతలే ఉంటే వానాకాలంలో వాళ్లకు సబ్ సెంటర్ లేనట్టే.

ముందు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ తెరవండి. 2004లో మొదలైన ఈ మ్యాప్‌ను ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, సరిదిద్దొచ్చు. ఘాట్ రోడ్డు ఉంటుంది కానీ, దాన్నుంచి చీలే కాలిబాట చాలాచోట్ల ఉండదు. శాటిలైట్ చిత్రం చూసి ఇళ్లు, బాటలు గీయడానికి విశాఖలో కూర్చున్న కాలేజీ పిల్లలైనా చాలు. గూడెం పేరు మాత్రం ఊరివాళ్లే చెప్పాలి. రికార్డులో ఒక పేరు, వాడుకలో ఇంకోటి ఉంటే రెండూ ఎక్కించండి. 108కి ఫోన్ చేసేవాళ్లు చెప్పేది వాడుక పేరే.

అసలు పని ఆ తర్వాతే. మ్యాప్‌ను పెద్ద కాగితం మీద ప్రింట్ తీయించి, సంత రోజున ఆశా కార్యకర్తలు, ఏఎన్‌ఎం (సబ్ సెంటర్ నర్సు), అంగన్‌వాడీ టీచర్, వార్డు మెంబర్ అందరూ దాని చుట్టూ కూర్చోండి. దూరం ఎన్ని కిలోమీటర్లని అడగొద్దు. ‘నెలలు నిండిన మనిషి నడిస్తే ఎంతసేపు పడుతుంది?’ అని అడిగి, ఆ నిమిషాలు బాట పక్కనే రాయండి. ఆగస్టులో దారి తెగిపోయే చోట ఎర్ర స్కెచ్‌తో గీత పెట్టండి. డోలీ మోసుకొచ్చే దారేది, ఫీడర్ అంబులెన్స్ బైకు (పెద్ద అంబులెన్స్ రాలేని చోటికి వచ్చేది) ఎక్కడిదాకా వస్తుంది, ఏ మలుపులో సిగ్నల్ దొరుకుతుంది, ఇవీ తప్పకుండా రాయాలి. ఇవన్నీ ఆశాకు కంఠతా వచ్చు. ఆమె చెప్పడం పూర్తయ్యేదాకా డాక్టరుగారైనా సరే ఆగాలని నేను పట్టుబడతాను.

బాట కచ్చితంగా ఎటు పోతుందో తెలియకపోతే ఆ దారిన నడిచేటప్పుడు ఫోన్‌లో ట్రాక్ రికార్డ్ చేయండి. సిగ్నల్ లేకున్నా జీపీఎస్ పనిచేస్తుంది.

ఒక్క కట్టుబాటు మాత్రం దాటొద్దు. గర్భిణుల ఇళ్లు, టీబీ మందులు వాడేవాళ్ల ఇళ్లు అందరూ చూసే మ్యాప్‌లో ఎక్కించకూడదు. అందులో బాటలు, బోర్లు, బడులు, సబ్ సెంటర్లు చాలు. మనుషుల వివరాలు ఏఎన్‌ఎం రిజిస్టర్‌లోనే ఉండాలి. ఐదారు ఇళ్ల గూడెంలో ‘టీబీ 1’ అని రాసినా ఎవరో తెలిసిపోతుంది. అలాంటి చోట్ల రెండు మూడు గూడేలు కలిపి లెక్క రాయండి.

ఇక డ్యూ లిస్టు (టీకా వేయాల్సిన పిల్లల జాబితా) తీసి, ఎంతమంది పిల్లలకు టీకా వేయాలో గూడేలవారీగా మీటింగు కాగితం మీద రాయండి. అరగంట నడకలో ఎక్కువమంది పిల్లలు చేరుకోగల చోటే టీకాల రోజు పెట్టాలి. వానాకాలానికి ఆ చోటు మారితే మారనివ్వండి. ఎర్ర గీత అవతల నెలలు నిండుతున్నవాళ్లుంటే, వానలు ముదరకముందే గర్భిణుల వసతి గృహానికి తీసుకురావడం గురించి ఇంటివాళ్లతో మాట్లాడండి. ఒప్పుకున్న ప్లాన్‌ను మెడికల్ ఆఫీసర్‌కు ఇచ్చి, ఒక కాపీ పంచాయతీ ఆఫీసులో అంటించండి. కొత్త కల్వర్టు పడితే ఆ వారమే మ్యాప్‌లో మార్చండి.