ఊరి పేర్లు పాడిస్తూ పిల్లలకు తాళం చదవడం నేర్పడం ఎలా?

ఐదారేళ్ల పిల్లల ముందు మొదటిరోజే నోటేషన్ పుస్తకం, అంటే స్వరాలూ తాళం రాసి ఉండే సంగీతం పుస్తకం, తెరవకండి. ఆ గీతలు, కామాలు చూడగానే టెన్షన్ పడిపోతారు. గొంతుకు అలవాటైనది కంటికి తేలిగ్గా అందుతుంది. మా విజయనగరం పిల్లలకు నేను ఊరి పేర్లతోనే మొదలుపెడతాను. కాంప్లెక్స్‌లో బస్సుల దగ్గర రోజూ వినే పేర్లే కదా.

ముందు నాలుగు తీసుకోండి: గరివిడి, బొబ్బిలి, పలాస, రాజాం. అన్నీ నాలుగేసి మాత్రలే (మాత్ర అంటే 'గ' లాంటి పొట్టి అక్షరం పలికేంత సేపు, దీర్ఘానికి రెండు). షడ్జం, అంటే 'స' స్వరం మీదే నిలిపి పాడిస్తూ, తొడ మీద సమానంగా నాలుగు దెబ్బలు వేయించండి. రోజుకో పేరు చాలు. ఎవరి చెయ్యైనా పరుగెత్తితే పాట ఆపి మందలించకండి. మీ దెబ్బ కాస్త గట్టిగా వేయండి, వాళ్లే సర్దుకుంటారు.

నాలుగూ నోటికి వచ్చాక పలక మీద గడులు గీయండి. గడికో దెబ్బ. శబ్దం సాగిన గడిలో కామా.

గ రి వి డి
బొ , బ్బి లి
ప లా , స
రా , జాం ,

బొబ్బిలి దగ్గర ప్రశ్న వస్తుంది: "బొకి దీర్ఘం లేదు కదా టీచర్, కామా ఎందుకు?" పెదాల మీద వేలు పెట్టుకుని మెల్లగా అనమనండి. 'బొబ్' దగ్గర పెదాలు మూసుకుని ఒక్క క్షణం ఆగుతాయి. ఆ ఆగినంతసేపే కామా. ఒత్తుకు ముందున్న అక్షరం గురువని తర్వాత ఛందస్సులో చదువుకునేది ఇదే. ఇప్పుడా పేరు చెప్పక్కర్లేదు.

ఇప్పుడు అక్షరాలు తీసేసి, అట్టముక్క మీద 'త , త త' అని రాసి "ఇదే ఊరు?" అని అడగండి. అసలు చదవడం ఇక్కడే మొదలవుతుంది, ఈ ఆటకు వారమైనా ఇవ్వండి. ఒకసారి అందరూ "బొబ్బిలి" అంటుంటే ఒక పాప "టెక్కలి" అంది. ఆ పేరు నేను చెప్పింది కాదు, తనే లెక్కపెట్టుకుంది. ఆ రోజు నాకు పట్టరాని సంతోషం.

రెండు అట్టలు పక్కపక్కన పెడితే ఎనిమిది, అంటే ఆదితాళం. ఒక దెబ్బ, చిటికెన వేలి నుంచి మూడు వేళ్లు, ఆపైన దెబ్బ వేసి చెయ్యి తిప్పడం రెండుసార్లు. గీతలు 4, 2, 2 దగ్గర పడతాయి. ఇక మన రెండు ఊళ్లు రాయించండి:

వి జ య న | గ రం | , , ||
శ్రీ , కా , | కు ళం | , , ||

రెండిట్లోనూ ఏడేసి మాత్రలే. సున్నా ఉన్న అక్షరానికీ రెండు మాత్రలు. ఎనిమిదో గడి కోసం చివరి అక్షరాన్ని ఇంకొక్క దెబ్బ సాగించాలి. గీత దాటాక కూడా 'రం' ఆగకూడదు, చాలామంది పిల్లలు అక్కడే ఆపేస్తారు.

ఇప్పుడు పుస్తకంలో సరళీ వరుసల (కర్ణాటక సంగీతంలో తొలి పాఠాల) పేజీ తెరవండి. 'స రి గ మ | ప ద | ని స ||' చూసి గీతలు ఎక్కడున్నాయో వాళ్లే చూపిస్తారు. ఒక్కటి చెప్పండి: పుస్తకంలో 'సా' అని దీర్ఘంతో ఉంటే, కామా లేకపోయినా అది రెండు దెబ్బలు.