పాప కేసు ఎలా దారిలో పడిందంటే

మరిది కారులో వెనక సీట్లో కూర్చున్న మా 8 ఏళ్ల పాపకు, లారీ గుద్దినప్పుడు తొడ ఎముక విరిగింది. తప్పు లారీదని ఒక బీమా కంపెనీ, కాదు కారుదేనని ఇంకొకటి. "చిన్నపిల్లకు సంపాదనేముంది, ఇచ్చింది తీసుకోండి" అన్నాడు మధ్యవర్తి. ఆ మాటకు నాకు నిద్ర పట్టలేదు.

వకీలుగారు చిక్కు విప్పారు. బండిలో కూర్చున్న పిల్లకు ఏ తప్పూ అంటదు. రెండు బండ్ల తప్పూ ఉంటే మొత్తం పరిహారం రెండు పక్షాల్లో ఎవరినుంచైనా అడగొచ్చని సుప్రీంకోర్టు 2015లో ఖేన్యేయి కేసులో చెప్పింది. అందుకే ఇద్దరు యజమానులనూ, రెండు కంపెనీలనూ చేర్చాం. సొంత మరిది మీద కేసా అని అత్తయ్య బాధపడ్డారు. మరిదిది ప్యాకేజీ పాలసీ, అంటే కారులో కూర్చున్నవాళ్లకూ వర్తించే బీమా, కట్టేది కంపెనీయేనని పక్కన కూర్చుని చెప్పాను. (బయటివాళ్లకు జరిగే నష్టానికి మాత్రమే ఉండే ఉత్త థర్డ్ పార్టీ పాలసీ అయితే ఆ కారులో కూర్చున్నవాళ్లకు వర్తించదు, ముందే చూసుకోండి.)

పాప తరఫున నేనే సంతకం పెట్టి, మేముండే ఊరి మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లోనే (పరిహారం తేల్చే కోర్టు) మోటారు వాహనాల చట్టం 166 సెక్షన్ కింద, ప్రమాదం జరిగిన 6 నెలల్లోపు కేసు వేశాం. ఎఫ్‌ఐఆర్, బిల్లులు, మెడికల్ బోర్డు సర్టిఫికెట్ జతచేశాం. మధ్యవర్తి అడిగిన సంపాదన ప్రశ్నకు జవాబు సుప్రీంకోర్టు 2020లో ఇచ్చిన కాజల్ తీర్పు: ప్రమాదంలో గాయపడిన కాజల్ అనే 12 ఏళ్ల పాపకు నైపుణ్యమున్న కార్మికుడి కనీస వేతనం లెక్కగట్టారు.

వచ్చిన డబ్బు పాపకు 18 నిండేదాకా బ్యాంకు డిపాజిట్‌లో ఉంటుంది. కాల్లో ప్లేటు తీయించడానికి అర్జీ పెడితే కొంత విడుదల చేశారు.