యాడ్ అడిగే మనమే వార్త రాయాలంటే: కొత్త విలేకరులకు

మండల విలేకరిగా చేరేవాళ్లకు జీతం సంగతి ఎవరూ ఎత్తరు. ఆగస్టు 15 యాడ్ టార్గెట్ మాత్రం మొదటి మీటింగులోనే చెప్పేస్తారు. లైన్ అకౌంట్ (అచ్చయిన వార్తల కొలతను బట్టి ఇచ్చే) డబ్బులు పెట్రోలుకే చాలవు కాబట్టి యాడ్ కమీషనే దిక్కు. నేనూ విలేకరినే, సింగరాయకొండ పక్కన పెళ్లిళ్లకు ఫోటోలు తీసి ఇల్లు నడుపుతున్నాను. అందుకే యాడ్ అడగొద్దని నీతులు చెప్పను. ఎలా అడగాలో చెప్తాను.

యాడ్ కోసం వెళ్లిన రోజు కెమెరా ఇంట్లో పెట్టి వెళ్లండి. వార్త కోసం వెళ్లిన చోట యాడ్ మాటే రానివ్వొద్దు. అవతలివాళ్లు ఎత్తినా 'ఇంకోసారి వస్తానండి' అని లేచి రండి. డబ్బు తీసుకుంటే ఆఫీసు రసీదు ఇవ్వాల్సిందే. 'వార్తలాగా వేయించు' అంటే పైన 'ప్రకటన' అని పడుతుందని ముందే చెప్పండి. సగం మంది అక్కడే ఆగిపోతారు, పోనివ్వండి.

అసలు చిక్కు ప్రమాదం జరిగినప్పుడు వస్తుంది. చీమకుర్తిలో జనవరి 26కి యాడ్ ఇచ్చిన గ్రానైట్ క్వారీలోనే బండ జారి కూలీ చనిపోయాడనుకోండి. గంటలో క్వారీ వాళ్ల ఫోన్ మోగుతుంది. ఎత్తండి. 'మీరు చెప్పేది కూడా రాస్తాను, చెప్పండి' అని నోట్‌బుక్‌లో టైముతో సహా రాసుకోండి. తర్వాత ఎఫ్‌ఐఆర్ చూడండి. నిర్లక్ష్యం సెక్షన్ పెట్టారా, లేక అనుమానాస్పద మృతి అని సరిపెట్టారా (పాత సీఆర్‌పీసీలో సెక్షన్ 174, ఇప్పుడు దాని బదులు వచ్చిన చట్టం బీఎన్‌ఎస్‌ఎస్‌లో 194)? వార్తలో ముఖ్యమైన ముక్క అదే. ఒంగోలు రిమ్స్ మార్చురీ దగ్గర బంధువులతో మాట్లాడకుండా కాపీ (మీరు రాసిన వార్త) పంపొద్దు. ఎఫ్‌ఐఆర్‌లో క్వారీ పేరు ఉంటే మీ కాపీలోనూ ఉండాలి. 'ఓ ప్రైవేటు క్వారీలో', 'ఓ కార్పొరేట్ కాలేజీలో' అని రాయడం మన జిల్లా పేజీలకు పట్టిన జబ్బు. డెస్క్‌లో వార్తలు దిద్దేవాళ్లు ఆ పేరు తీసేస్తే అది వాళ్ల లెక్క. మీరు పంపిన కాపీ మాత్రం దాచుకోండి.

ఇక ఫోటోలు. పెళ్లిలో తాళి కట్టేటప్పుడు 'బాబూ, ఒక్కసారి ఇటు చూడండి' అంటాం, మొహం మీద మొటిమ తీసేస్తాం. ఆ చెయ్యి వార్తల్లోకి రాకూడదు. నేను రెండు మెమరీ కార్డులు వాడతాను, పెళ్లి ఫోటోల మెమరీ కార్డు మీద పసుపు బొట్టు పెట్టి ఉంటుంది. వార్త ఫోటోకి వెలుగు సరిచేయడం, అంచులు కత్తిరించడం వరకే. అంచు కత్తిరిస్తే అర్థం మారుతుందనిపిస్తే అదీ వద్దు. 2003లో ఇరాక్ యుద్ధంలో వెంటవెంట తీసిన రెండు ఫోటోలను ఒకటిగా కలిపినందుకు అమెరికా పేపర్ లాస్ ఏంజెలెస్ టైమ్స్ తన ఫోటోగ్రాఫర్ బ్రయన్ వాల్‌స్కీని ఉద్యోగంలోంచి తీసేసింది. ఆ రెండూ నిజం ఫోటోలే, కలిపిందే అబద్ధం.

తుపాను తర్వాత కొత్తపట్నం తీరంలో బియ్యం పంచుతుంటే చూడండి. నాయకుడు సంచి ఇస్తాడు, వీడియో వాళ్లు 'మళ్లీ ఒకసారి సార్' అంటారు, ముసలమ్మ సంచిని వెనక్కి ఇచ్చి మళ్లీ తీసుకుంటుంది. ఆ రెండోసారిది తీయొద్దు. స్టేజి వదిలి క్యూ చివరికి వెళ్లండి. సంచి నెత్తిన పెట్టుకుని ఇంటికి పోయేవాళ్లు అక్కడే దొరుకుతారు, ఏమీ అందనివాళ్లు కూడా. పేరు, ఊరు, టైము అక్కడికక్కడే రాసుకోండి. పోయిన ఏడాది వరద నీళ్ల ఫోటో వాడాల్సి వస్తే 'ఫైల్ ఫోటో' అని రాయకుండా పంపొద్దు.

ఎన్నికలప్పుడు ప్యాకేజీ మాట, అంటే డబ్బు తీసుకుని అభ్యర్థికి అనుకూలంగా వార్తలు వేసే మాట (పెయిడ్ న్యూస్), రాక మానదు. కలెక్టర్ అధ్యక్షతన ఉండే ఎంసీఎంసీ (ఎన్నికలప్పుడు మీడియాను గమనించే) కమిటీ పేపర్లు రోజూ చూస్తుంది. పెయిడ్ న్యూస్ అని తేలిస్తే ఆ ఖర్చు అభ్యర్థి లెక్కలో వేస్తారు. ఈ సంగతి మీరు అభ్యర్థికి కాదు, ఆయన ఖర్చుల లెక్క రాసే మనిషికి చెప్పండి. ముందు భయపడేది ఆయనే.