1956 నాటి బేస్‌బాల్ ఆటకు స్కోరు రాయడం: క్రికెట్ స్కోరర్లకు ఒక పద్ధతి

విజయనగరం విజ్జీ స్టేడియంలో కుర్రాళ్ల మ్యాచ్‌లకు స్కోరు పుస్తకం పట్టుకుని కూర్చునే అలవాటున్నవారికి, పాత బేస్‌బాల్ ఆట అర్థం కావాలంటే స్వయంగా స్కోరు రాసుకోవడమే దగ్గరిదారి అని నా అభిప్రాయం. సాధనకు 1956 అక్టోబరు 8న యాంకీ స్టేడియంలో న్యూయార్క్ యాంకీస్, బ్రూక్లిన్ డాడ్జర్స్ జట్ల మధ్య జరిగిన వరల్డ్ సిరీస్ (అమెరికా బేస్‌బాల్ విజేతను తేల్చే ఆటల వరుస) ఐదో ఆటను ఎంచుకోండి. యాంకీస్ పిచర్ (బంతి విసిరేవాడు) డాన్ లార్సెన్ ఆ రోజు డాడ్జర్స్ బ్యాటర్లలో ఒక్కరినీ ఫస్ట్ బేస్ (బ్యాటర్ పరుగెత్తి చేరాల్సిన మొదటి మజిలీ) చేరనివ్వకుండా వరుసగా 27 అవుట్లు సాధించాడు కనుక, వారి పేజీలో అవుట్లు తప్ప మరేమీ ఉండవు.

గళ్ల కాగితం మీద ఎడమవైపు తొమ్మిదిమంది బ్యాటర్ల పేర్లు వరుసగా రాసి, ఆఖరి పేరు కింద ఒక వరుస ఖాళీగా ఉంచి, కుడివైపు ఇన్నింగ్స్‌కొకటి చొప్పున తొమ్మిది నిలువు గళ్లు గీయండి. మూడు అవుట్లతో ఇన్నింగ్స్ ముగుస్తుంది. తరువాతి ఇన్నింగ్స్ మొదటి పేరుతో కాక, క్రితంసారి ఆగిన చోటి తరువాతి పేరుతో మొదలవుతుంది. నేను మొదటిసారి ప్రతి ఇన్నింగ్స్‌నూ డాడ్జర్స్ మొదటి బ్యాటర్ జిమ్ గిలియమ్‌తోనే మొదలుపెట్టి, ఒక కాగితమంతా పాడుచేశాను.

ఫీల్డర్లను జెర్సీ అంకెలతో కాక, నిలబడే స్థానాన్నిబట్టి గుర్తించాలి. పిచర్ 1, బ్యాటర్ వెనుక ఉండే క్యాచర్ 2, మూడు బేస్‌ల దగ్గరి వారు 3, 4, 5, సెకండ్, థర్డ్ బేస్‌ల మధ్య నిలబడే షార్ట్‌స్టాప్ 6, వెనుక దూరంగా, బ్యాటర్ వైపు నుంచి చూస్తే ఎడమ నుంచి కుడికి 7, 8, 9. నేరుగా క్యాచ్ పడితే పట్టినవాడి అంకె ఒక్కటే రాస్తారు. బ్యాటర్ ఊపినా తగలని బంతి, కొట్టదగిన చోట వచ్చినా వదిలేసిన బంతి స్ట్రైక్ అవుతాయి. మూడు స్ట్రైక్‌లతో అవుటైతే ఇంగ్లిషు అక్షరం కె రాస్తారు. బ్యాట్ ఊపకుండానే మూడో స్ట్రైక్ పడితే ఆ కె అక్షరాన్నే అద్దంలో కనిపించినట్టు తిరగేసి రాస్తారు. ఈ పద్దతులకు పునాది వేసిన హెన్రీ చాడ్విక్ ఇంగ్లండులో పుట్టి, అమెరికాలో క్రికెట్ వార్తలు కూడా రాసిన విలేఖరి కాబట్టి, బేస్‌బాల్ స్కోరుపట్టీలో మనకు తెలిసిన పోలికలు కనిపించడం సహజమే.

మిగిలిన ప్రసారపు ఫిల్మ్‌లో మొదటి ఇన్నింగ్స్ లేదు. దాన్ని రాతపూర్వక వివరాల నుంచే నింపుకోవాలి: గిలియమ్‌కు తిరగేసిన కె, పీ వీ రీస్‌కూ అదే, డ్యూక్ స్నైడర్‌కు 9.

రెండో ఇన్నింగ్స్ మొదట్లోనే అసలు పాఠం ఉంది. జాకీ రాబిన్సన్ బలంగా కొట్టిన బంతి థర్డ్ బేస్ దగ్గర ఆండీ కేరీ గ్లవ్‌కు తగిలి పక్కకు మళ్లింది. షార్ట్‌స్టాప్ గిల్ మెక్‌డూగల్డ్ దాన్ని అందుకుని ఫస్ట్ బేస్‌కు విసిరాడు. రాబిన్సన్ కొద్దిలో అవుటయ్యాడు. గడిలో పడేది 5-6-3. మన పుస్తకంలో క్యాచ్ పట్టినవాడి పేరు, బౌలర్ పేరు ఉంటే సరిపోతుంది. ఇక్కడ బంతి ఎవరెవరి చేతుల మీదుగా పోయిందో ఆ క్రమమంతా దక్కుతుంది. కానీ ఐదో ఇన్నింగ్స్‌లో గిల్ హాడ్జెస్ కొట్టిన బంతి కోసం యాంకీస్ ఫీల్డర్ మిక్కీ మాంటిల్ చాలా దూరం పరుగెత్తి, చేయి అడ్డంగా చాచి పట్టిన క్యాచ్‌కు కూడా ఒట్టి 8 మాత్రమే వస్తుంది. నాకది అన్యాయంగా తోచి, గడి మూలన ఒక చుక్క గుర్తు వేస్తాను.

యాంకీస్ పేజీలో బ్యాటర్ బేస్‌లన్నీ చుట్టి పరుగు తెచ్చిన గడిలో చిన్న వజ్రాకారం గీసి లోపల నింపాలి. నాలుగో ఇన్నింగ్స్‌లో మాంటిల్ హోమ్ రన్‌కు ఒకటి, ఆరో ఇన్నింగ్స్‌లో హ్యాంక్ బావర్ కొట్టిన బంతికి పరుగు పూర్తిచేసిన కేరీకి ఒకటి. తొమ్మిదో ఇన్నింగ్స్ గడిలో అడ్డగుర్తు వేయండి. ప్రతి ఇన్నింగ్స్‌లో యాంకీస్ బ్యాటింగ్ రెండోది కాబట్టి, 2-0తో అప్పటికే గెలిచినవారు మళ్లీ బ్యాటింగ్‌కు దిగరు.

మీ కాగితం సరిగ్గా వచ్చిందో లేదో డాడ్జర్స్ పేజీ చెబుతుంది: మొదటి ముగ్గురికి 1, 4, 7 ఇన్నింగ్స్, తరువాతి ముగ్గురికి 2, 5, 8, చివరి ముగ్గురికి 3, 6, 9లో గళ్లు నిండి, మెట్ల వరుస మూడుసార్లు దిగినట్టు కనిపించాలి. ఆఖరి మెట్టు మీరు ఖాళీగా ఉంచిన వరుసలో పడుతుంది. పిచర్ సాల్ మాగ్లీ బదులు వచ్చిన డేల్ మిచెల్, లార్సెన్ వేసిన 97వ బంతికి బ్యాట్ ఊపబోయి ఆగిపోయాడు. అది బయటికి పోయిన బంతి అని మిచెల్ వాదించాడు గాని, అంపైర్ బేబ్ పినెల్లి స్ట్రైక్ అన్నాడు. ఎల్‌బీడబ్ల్యూ విషయంలో మనం చేసినట్టే, అంపైర్ మాటనుబట్టి కె అక్షరాన్ని తిరగేసి రాయండి.