శాసనం చదువుదాం – 5వ పాఠం: తేదీ లేని రాయికి తేదీ కట్టడం

పోయిన పాఠంలోని సంక్షిప్తాలు (లాటిన్ శాసనాల్లో మాటల్ని కుదించి చెక్కే పద్ధతులు) నోటికొచ్చాయా? రాకపోతే ఆ కాగితం పక్కన పెట్టుకోండి, ఈసారి వాటితోనే పని.

ఈ పాఠానికి రాయి టర్కీలోని ఎఫెసస్ అనే పాత రోమన్ నగరంలో ఉంది. సెల్సస్ గ్రంథాలయానికి ఎదురుగా నిలబడితే కుడిచేతి పక్కన మూడు కమానుల ద్వారం, లోపల అంగడి మైదానం. అందరూ గ్రంథాలయాన్నే ఫొటో తీసుకుని వెళ్ళిపోతారు, ద్వారం పైకి చూసేవాళ్ళు తక్కువ. పైన ముందుకు పొడుచుకొచ్చిన రెండు పక్కల మీదా లాటిన్, లోపలికి ఉన్న నడిమి భాగం మీద గ్రీకు. లాటిన్ అక్షరాలు తొలిచి కంచు పొదిగారు. కంచు ఎప్పుడో పోయింది. మనం చదివేది మిగిలిన గుంటల్ని.

ఎడమ పక్క ఇలా మొదలవుతుంది: ‘ఇంప్. కైసరి దివి ఎఫ్. ఔగుస్తో’. ‘కైసరి’ చివరి ‘ఇ’, ‘ఔగుస్తో’ చివరి ‘ఓ’ మన ‘కి’, ‘కు’ అనుకోండి; ‘దివి’ అంటే దైవమైనవాడి, ‘ఎఫ్.’ అంటే కొడుకు: దైవమైనవాడి కొడుకు, మొదటి రోమన్ చక్రవర్తి అగస్టస్‌కు. ఆ దైవం అతన్ని దత్తత తీసుకున్న జూలియస్ సీజర్. తర్వాత ‘కాస్.’ పక్కన ఒక ఎక్స్, రెండు ఐలు: 12 సార్లు కాన్సుల్, అంటే రోములో ఏటా ఎన్నికయ్యే అత్యున్నత అధికారి. ఆపైన ‘త్రిబూనిక్. పోతెస్త్.’, అంటే ప్రజల ప్రతినిధులైన ట్రిబ్యూన్ల అధికారం, పక్కన రెండు ఎక్స్‌లు: 20వ ఏడు. మనకు కావలసింది ఇదే. ట్రిబ్యూన్ అధికారాన్ని అగస్టస్ క్రీ.పూ. 23 వేసవిలో తీసుకుని, అక్కణ్ణుంచి ఏటా ఒకటి కలుపుకుంటూ పోయాడు. నాగార్జునకొండ శాసనాల్లో ‘వీరపురుషదత్తుడి 6వ ఏడు’ అన్నట్టే.

23 మొదటి ఏడు కాబట్టి 24లోంచి 20 తీసేయండి. క్రీ.పూ. 4 వేసవి నుంచి 3 వేసవి దాకా. కాన్సుల్ లెక్కతో సరిచూడండి: 12వసారి క్రీ.పూ. 5లో, 13వసారి 2లో. సరిగ్గా మధ్యలో పడింది.

ఇక కుడి పక్క. అగస్టస్ సేనాని అగ్రిప్పాకు, అతని భార్య, అగస్టస్ కూతురు జూలియాకు. అగ్రిప్పా పేరు పక్కన అదే అధికారం 6వ ఏడు. అతని లెక్క క్రీ.పూ. 18లో మొదలైంది, అంటే 13 రావాలి! మొదటిసారి నేను కుడి పక్క నుంచి మొదలుపెట్టి, నోట్‌బుక్‌లో 13 అని ధీమాగా రాసుకున్నాను. అగ్రిప్పా క్రీ.పూ. 12లోనే చనిపోయాడు. పోయినవాడి అంకె అక్కడే ఆగిపోతుంది. ఒకే రాయి మీద రెండు లెక్కలుంటే, బతికున్నవాడి అంకె పట్టుకోండి. జూలియాను తండ్రి వెలివేసింది క్రీ.పూ. 2లో. ఆ తర్వాతైతే ఆమె పేరు ఇంత గౌరవంగా ఎక్కేది కాదు.

కట్టించినవాళ్ళ పేర్లు చూడండి. ఎడమ చివర ‘మజేయస్, మరియు’, కుడి చివర ‘మిత్రిదాతెస్, పాత్రోనిస్’. వాక్యం ద్వారం మీదుగా ఇటు నుంచి అటు దూకింది! వీళ్ళిద్దరూ విడుదలైన బానిసలు. ‘పాత్రోనిస్’ అంటే ఒకప్పటి యజమానులకు. నడిమి గ్రీకులో బిరుదులు, అంకెలు ఏవీ లేవు, ఈ ఇద్దరి పేర్లు, ‘పోషకులకు, ప్రజలకు’ అని ఒక్క ముక్క. ఊళ్ళోవాళ్ళకు అర్థమయ్యే భాష అదే కదా.

ఇంటిపని: దక్షిణ టర్కీలో అగస్టస్ వేయించిన సెబాస్తె రహదారి మైలురాయి. అగస్టస్ పేరు, ‘కాస్.’ 11, ‘12కు ఎన్నికైనవాడు’, ట్రిబ్యూన్ అధికారం పక్కన ఎక్స్, ఐ, ఐ, ఎక్స్. ఆ చివరి అంకెను 22 అని చదవకండి: రెండో ఎక్స్‌లోంచి ముందున్న రెండు ఐలు తీసేయాలి. ఏడాది కట్టి, కాన్సుల్ లెక్కతో సరిచూసి ఉంచండి.