కబడ్డీ ఆడేది బిడ్డ, రిపేరు అమ్మానాన్నలకు: సమస్య - పరిష్కారం

హన్మకొండ జేఎన్ స్టేడియంలో గానీ, ఊళ్లో స్కూలు గ్రౌండ్‌లో గానీ అండర్-14 కబడ్డీ చూడండి, ఆడే పిల్లల కంటే అరిచే పెద్దలే ఎక్కువ. అందులో నేనూ ఒకణ్ని. కింద రాసినవన్నీ నేను చేసి చెడగొట్టినవే.

సమస్య: కూతకు వెళ్లిన బిడ్డ అవతలి కోర్టు వదిలేసి మన వైపు చూస్తోంది.

కారణం: మన నోరు. రైడ్ మొత్తం 30 సెకన్లు, అందులోనే కూత ఆపకూడదు, కార్నర్‌లో ఉన్న పిల్ల కాలు పట్టకుండా తప్పించుకోవాలి, చేతులు పట్టుకుని వచ్చే జంట, అదే చెయిన్, ఎటు నుంచి కమ్ముకొస్తుందో కనిపెట్టాలి, ఇంతలో బాపు "బోనస్ కొట్టు, బోనస్!" అని గొంతు చించుకుంటాడు. అవతల మిగిలింది ఐదుగురే. కనీసం ఆరుగురు ఉంటేనే బోనస్, అంటే బోనస్ గీత దాటితే వచ్చే అదనపు పాయింటు, అని బిడ్డకు తెలుసు, బాపుకే తెలియదు. ఏమంటున్నాడో అని ఇటు తిరిగిందా, కూత తెగుతుంది, పాయింట్ అవతలి జట్టుకు పోతుంది. మాకు సరిగ్గా ఇదే జరిగింది, ఆ రోజు వాళ్ల పీఈటీ సారు నన్ను చూసిన చూపు ఇంకా మర్చిపోలేదు.

ఏం చేయాలి: రైడ్ నడిచినంతసేపు మాట్లాడొద్దు. అయ్యాక చప్పట్లు కొట్టండి, అవతలి పిల్ల మంచిగా పట్టినా కొట్టండి. మన జట్టు పక్కన కాకుండా దూరంగా కూర్చోండి. పల్లీలు కొనుక్కుంటే ఇంకా మేలు, నోటికి పని ఉంటుంది.

సమస్య: అంపైర్‌తో లొల్లి.

కారణం: ఆయన కూడా ఏదో స్కూలు పీఈటీనే, వాళ్ల వైపే ఉంటాడని మన అనుమానం. ఏం చేయాలి: ఏమీ చేయొద్దు. అడగాల్సింది ఉంటే కెప్టెనో, సారో అడుగుతారు.

సమస్య: మ్యాచ్ ఉన్న రోజు పొద్దున్నే కడుపునొప్పి అంటోంది.

కారణం ఆ పొద్దున దొరకదు, పోయిన మ్యాచ్ నుంచి ఇంటికొచ్చిన దారిలో ఉంటుంది. నేనైతే స్టేడియం గేటు దగ్గర మొదలుపెట్టి ఫాతిమానగర్ దాటేదాకా బండి మీద ఒక్కో రైడ్ తవ్వేవాణ్ని, వెనక కూర్చున్న బిడ్డ ఊఁ కూడా అనేది కాదు. పైగా "దీప్తిని చూడు" అని ఒకటి. పర్వతగిరి మండలం కల్లెడ నుంచి వెళ్లి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్లు 55.82 సెకన్లలో పరుగెత్తి కంచు పతకం తెచ్చిన దీప్తి జీవాంజి సంగతి బిడ్డకు చెప్పాల్సిందే, కానీ ఓడిన సాయంత్రం బండి మీద చెబితే అది తిట్టులాగే వినిపిస్తుంది.

ఏం చేయాలి: బిడ్డ తనంతట తాను ఎత్తేదాకా ఆట మాట ఎత్తకండి. "ఆకలేస్తుందా?" అని అడగండి, చాలు.

సమస్య: ఇవన్నీ తెలిసినా నోరు ఆగట్లేదు.

ఏం చేయాలి: లేచి బయటికెళ్లి చాయ్ తాగండి. మొన్నటి మ్యాచ్ సెకండాఫ్ అంతా నేను చాయ్ బండి దగ్గరే ఉన్నాను. రెండు పాయింట్ల తేడాతో ఓడారట, బిడ్డే వచ్చి చెప్పింది, బజ్జీలు తింటూ తను పట్టిన యాంకిల్ హోల్డ్ గురించి ఇల్లు చేరేదాకా చెబుతూనే ఉంది.